ఆమె మౌస్ అడిగిన రోజు

పదిహేడు రోజుల క్రితం, శుక్రవారం, నా భార్య చనిపోయింది. పొద్దున రెండు చెంచాల రాగిజావ మింగింది. మూడోది వద్దన్నట్టు కళ్లు మూసుకుంది. పదకొండింటికి ఊపిరి తీసుకోవడం కష్టమైంది. మార్కాపురం నుంచి ఒంగోలుకు అంబులెన్సులో బయలుదేరాం. పొదిలి రాకముందే అయిపోయింది. చెరొక చెయ్యి పట్టుకుని నేనూ మా అమ్మాయీ ఉన్నాం.

నరాలు కండరాలను కదిలించడం మానేసే జబ్బు. మూడేళ్లు ఆ బాధ పడింది. అంతవరకు మా అమ్మాయికి తెలుసు. కొన్ని కుటుంబాల్లో అది తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తుందని తెలియదు. నాకు తెలుసు. ఆమె గురించి రాయమని మా కాలేజీ పాత విద్యార్థులు అడిగారు. ఎక్కడ మొదలుపెట్టినా ఈ భయం దగ్గరికే వస్తున్నాను.

ఆమె హైదరాబాదు కంపెనీ ఒకదానికి ఇంటి నుంచే ప్రోగ్రాములు రాసేది. నేను డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. వేల లైన్ల కోడ్‌లో ఏదైనా వెతకాలంటే నాకు మౌస్ కావాలి. ఫోల్డర్ మీద క్లిక్, ఫైల్ మీద క్లిక్, తర్వాత కిందికి, ఇంకా కిందికి. ఆమె మౌస్ ముట్టేది కాదు. ఒక మీట నొక్కితే వెతుకుతున్న కోడ్ ముక్క రాసిన చోట ఉండేది. ఇంకో రెండు నొక్కితే బయలుదేరిన చోట.

“ఏంది సారూ, పక్కింటికి పోయేదానికి కంభం మీదుగా పోతాండారే!” అనేది నా వెనక నిలబడి.

“చేరతాను కదా.”

“చేరతారు. చేరినాక ఎందుకొచ్చినారో మర్చిపోతారు.”

అదీ నిజమే. విద్యార్థులు ఇంటికి వస్తే మౌస్ తీసి బీరువా మీద పెట్టేది. “యాడికన్నా పోండి నాయనా, తిరిగొచ్చే తోవ ముందు నేర్చుకోండి” అని ఆ రెండు మీటలూ చూపేది. ఇది చదివేవారిలో చాలామంది అవి ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లే. ఆదివారం గోళ్లు తీసుకునేటప్పుడు ఎడమ చిటికెన వేలితో మొదలుపెట్టేది. కంట్రోల్ మీట నొక్కే వేలు అది.

ఒక సాయంత్రం నేను టీ తెచ్చి పక్కన పెడితే, తెర మీద నుంచి చూపు తిప్పకుండా అడిగింది.

“ఆ మౌస్ ఒకసారి ఇట్లియ్యండి.”

నేను పెద్దగా నవ్వాను. “వచ్చినావా మా దారికి! ఇరవై ఏళ్లు పట్టింది నీకు.”

“వచ్చినా లే సారూ. గెలిచినారు. పోయి మిఠాయి తెచ్చుకోండి.”

నిజంగానే పోయి పావుకిలో మైసూర్‌పాక్ తెచ్చాను. ముగ్గురం తిన్నాం.

పది రోజుల తర్వాత సరిగ్గా చూశాను. చిటికెన వేలు కంట్రోల్ మీద ఉంది. మీట కిందికి పోవడం లేదు. మూడు మీటలు కలిపి నొక్కాల్సినవి ముందు ఆమె చేతికి రాకుండా పోయాయి. తర్వాత రెండు మీటలవి. మీటలు కలిపి కాకుండా ఒకదాని తర్వాత ఒకటి నొక్కినా పనిచేసేలా అమ్మాయి కంప్యూటర్‌ను మార్చి ఇచ్చింది. అట్లా ఇంకో ఏడాది పనిచేసింది.

గిద్దలూరు నుంచి చూడ్డానికి వచ్చిన ఆమె తల్లి, మా అత్త, నన్ను వసారాలోకి పిలిచింది. “మీ మామకూ మొదట ఇట్లనే నాయనా. చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయినాడు. పక్షవాతం అనుకున్న్యాం” అంది.

మా ఆవిడను గుంటూరు తీసుకెళ్లినప్పుడు ఆ మాట డాక్టరుకు చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టి, పిల్లలెందరని అడిగారు. పరీక్ష ఉందనీ, చేయించుకోవాలో వద్దో అమ్మాయి ఇష్టమనీ, అమ్మాయికి చెప్పడం మాత్రం అవసరమనీ అన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో మా ఆవిడ అంది, “నేనుండంగా చెప్పొద్దు. నా చేతులు చూసినప్పుడల్లా అది తన చేతులు చూసుకుంటాది.”

సరేనన్నాను. ఆమె అడిగినవాటిలో నేను పూర్తిగా నిలబెట్టుకున్న మాట అదొక్కటే.

అమ్మాయికి ఇరవై రెండేళ్లు. అమ్మ పనే ఎంచుకుంది, అమ్మ కుర్చీలోనే కూర్చుంటుంది. మీటల మీద అమ్మ వేగమే. పక్కగదిలో నేను ఆ చప్పుడు వింటూ ఉంటాను. చప్పుడు ఆగితే లేచి నిలబడతాను. చెయ్యి మౌస్ మీదికి పోయిందా? తలుపు దగ్గరికి వెళ్లి చూస్తే నీళ్లు తాగుతూ ఉంటుంది, లేదా జుట్టు ముడి వేసుకుంటూ. “ఏంది నాన్నా, ఊరికే వచ్చి చూసి పోతాండావు?” అని నిన్న అడిగింది. ఫ్యాను తిరుగుతోందో లేదో చూస్తున్నానని చెప్పాను. అది నమ్మలేదు.

పరీక్ష చేయించుకోకపోవచ్చు. చేయించుకుంటే ఏమీ లేదని రావచ్చు. ఉందని రావచ్చు. ఇన్నాళ్లూ చెప్పనందుకు నాతో మాట్లాడకపోవచ్చు. ఇది అచ్చయి మీ చేతికి వచ్చేసరికి తనకు తెలిసి ఉంటుంది.

రేపు పొద్దున ఆరున్నరకు లేస్తుంది. మొహం కడుక్కుని వంటింట్లోకి వస్తుంది. కాఫీ ఇవ్వకముందే చెప్పేస్తాను. ఇచ్చాక అయితే, తాగనీలే అని ఆగిపోతాను.