నేను నరికేసిన ద్రాక్షతీగ

1966 జనవరి. పొద్దున మునిసిపాలిటీ పార్కులో మాలీ పని, మధ్యాహ్నం కలకత్తా ఖిదిర్‌పూర్‌లో రత్నమ్మ టీచరమ్మగారి తోట పని. ఆవిడ భీమిలి వైపు క్రైస్తవులు, బళ్ళో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. తోటలో పురుగుమందు కొట్టనిచ్చేవారు కాదు, రాలిన ఆకు ఊడవనిచ్చేవారు కాదు. పురుగూ పిట్టా బతకాలట. గోడ నిండా ఆర్నమెంటల్ ద్రాక్ష, అంటే ఆకు అందం కోసం పెంచే రకం. చిన్న చిన్న పుల్లటి కాయలు కాసేది. అవన్నీ పికిలిపిట్టలకే.

నేను చేరి మూడు నెలలే అయింది. క్రిస్మస్‌కి ఆవిడ చెల్లెలింటికి వెళ్ళారు. ఆ నెల్లాళ్ళలో తీగ ఒక్క ఆకు లేకుండా మోడైపోయింది. మా శ్రీకాకుళం వైపు బీరపాదు గానీ ఆనపపాదు గానీ ఎండిందంటే పీకి పొయ్యిలో పెట్టడమే. ఆవిడ వచ్చేసరికి గోడ శుభ్రంగా ఉండాలని తీగను మోకాలెత్తున నరికి మోపు కట్టేశాను.

“ఏటి చేసినావు అప్పన్నా?” అన్నారు వస్తూనే.

“ఎండిపోనాది టీచరమ్మా, తీసేసినాను.”

“ఎండలేదు. నిద్దర్లో ఉంది. ఏటా చలికి ఆకు రాలుస్తాది. ఇప్పుడు పిట్టలు ఏటి తింటాయి? రేపట్నించి నువ్వు రాకు.”

ఆ నిద్రను మా పనిలో డార్మెంట్ అంటారు. బెరడు కింద ప్రాణం ఉంటుంది, పైకి కనబడదు. పదేళ్ళుగా మాలీ పని చేస్తున్నా, ఆ ముక్క నాకు తెలియలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

“రావద్దన్నాక మల్లీ ఎల్తావేటి? సిగ్గునేదా?” అంది ఇంట్లో నా భార్య సూరమ్మ.

“సిగ్గుంది గనకే ఎల్తాను,” అన్నాను.

మర్నాడు వెళ్ళి, మోపులోంచి పెన్సిలంత లావు కొమ్మలు ఏరి, మూడేసి కనుపులుండేలా కోసి ఇసకలో గుచ్చాను. ఇవే కటింగ్స్. కనుపు దగ్గర వేరు పుడుతుంది. మొద్దు చుట్టూ ఆకు కప్పాను. రోజూ వెళ్ళాను. ఆవిడ కిటికీలోంచి చూసేవారు గానీ పలకరించేవారు కాదు. ఫిబ్రవరి అంతా మొద్దు ఉలకలేదు. కటింగ్స్ సగం కుళ్ళిపోయాయి. అయినా మానలేదు.

మార్చిలో మొద్దు మీద ఒక మొగ్గ విచ్చింది. చుట్టూ కప్పిన ఆకు పక్కకు తీశాను. ఆవిడే బయటికొచ్చి వంగి చూశారు.

“ఈ ఏడు కాయ రాదు కదా,” అన్నారు.

“రాదండీ. పిట్టల తిండి నేను చూసుకుంటాను.”

ఆ వేసవంతా బజార్లో మాగిన బొప్పాయి ముక్కలు అడిగి తెచ్చి గోడ మీద పెట్టాను. పికిలిపిట్టలు రావడం మానలేదు.

మరుసటి చలికాలానికి తీగ గోడ సగం పాకి, మళ్ళీ ఆకు రాల్చింది.

“ఆ చివరి కొమ్మ నిజంగానే ఎండినట్టుంది, కోసేద్దామా?” అని ఆవిడే అడిగారు.

“మార్చి దాకా ఆగుదాం టీచరమ్మా.”

“సరే, నీ ఇష్టం,” అని లోపలికి వెళ్ళిపోయారు.

తెలియనిదాని మీద కత్తి పెట్టకూడదని ఆ తీగే నాకు నేర్పింది. కానీ నిజం చెప్పొద్దూ, ఆవిడ పలకరించని ఆ రెండు నెలలూ గేటు తోసుకుని వెళ్ళింది ఆ ‘నీ ఇష్టం’ కోసమే.