నేను వేసిన ముడి

మా నాయన మాచర్లలో నాపరాళ్ళ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు కోత మిషను నడిపాడు. ఆ మిషను పక్కన నిలబడితే మన మాట మనకే వినపడదు. అందుకని అక్కడ పనిచేసేవాళ్ళంతా చేతులతోనే మాట్లాడుకునేవాళ్ళు. అరచెయ్యి ఊపితే నీళ్ళు వదలమని, రెండు వేళ్ళు చూపితే రాయి తిప్పమని. అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. ఎడమ అరచేతిలో కుడి పిడికిలి పెట్టి, అదిమి తిప్పితే, బ్లేడు రాయిలో ఇరుక్కుపోయింది, కరెంటు తీసెయ్యమని. అది కనపడగానే ఎవరి పని వాళ్ళు వదిలేసి స్విచ్చు దగ్గరికి పరిగెత్తాలి. ఆ సైగ మా ఇంట్లోకీ వచ్చేసింది. తలుపు గడియ బిగుసుకుపోయినా, గొంతులో ముద్ద అడ్డం పడినా అమ్మా నాయనా పిడికిలి తిప్పేవాళ్ళు. చిన్నప్పుడు లెక్క రాకపోతే నేనూ పలక పక్కన పెట్టి పిడికిలి తిప్పేదాన్ని. నాయన పడీ పడీ నవ్వేవాడు.

ఆయన చెవుల్ని ఆ కోత మిషనే తినేసింది. నేను నరసరావుపేటలో టీచర్ని. బళ్ళో నా గొంతు వింటే పిల్లలు హడలిపోతారు. నాయనకు మాత్రం ఆ గొంతు కూడా చాలేది కాదు. చివరికి చెవి వెనక పెట్టుకునే మిషను ఒకటి కొనిపెట్టాను. అది చెవిలో సరిగ్గా కూర్చోకపోతే సన్నగా కీచుమనేది. ఆయన చూపుడువేలితో లోపలికి ఒత్తుకుంటే ఆగేది. రోజుకి ఇరవైసార్లయినా ఒత్తుకునేవాడు. "ముసలాడికి ఇప్పుడు ఈలలెయ్యాలని బుద్ధి పుట్టిందే" అని అమ్మ ఎగతాళి చేసేది.

పోయిన ఎండాకాలం ఆయనకు జ్వరం వచ్చింది. రెండో రోజుకి మాట తేడా పడింది. గోడ వైపు చూస్తూ "రాయి తడపండి, రాయి తడపండి" అంటున్నాడని అమ్మ ఫోన్ చేసింది. కారు మాట్లాడుకుని వెళ్ళి తీసుకొచ్చి, నరసరావుపేటలో ఒక ఆసుపత్రిలో చేర్చాను. అమ్మ కూడా వస్తానంది. "ఆ మోకాళ్ళేసుకుని నువ్వొచ్చి ఏం జేస్తావ్? ఇంటికాడ ఉండు, నేను చూసుకుంటాగా" అని కసిరాను. ఏ పనైనా ఒక్కదాన్నే చెయ్యాలనుకునే పొగరు నాది.

చేర్చుకునేటప్పుడు సిస్టరు అలవాటుగా ఒక మాట చెప్పింది. "ఉంగరం, వాచీ, సెల్లు, ఏమున్నా తీసుకెళ్ళిపొండమ్మా. ఇక్కడ పోతే మాకు సంబంధం లేదు." మా వైపు ఎవరిని ఆసుపత్రిలో చేర్చినా ఆడవాళ్ళు మొదట చేసే పని అదే. మనిషి ఒంటిమీద విలువైనదేదీ ఉండనివ్వరు. నేనూ వాచీ తీశాను, ఉంగరం తీశాను. చెవి మిషను కూడా తీశాను. మూడూ చేతిరుమాలులో మూటకట్టి హ్యాండ్‌బ్యాగు అడుగున పెట్టి జిప్పు వేశాను. నాయన చెయ్యి చెవి దగ్గరికి వెళ్ళి, అక్కడ ఏమీ లేకపోయేసరికి వెతుక్కుంది. ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది కూడా నేనే.

తర్వాత సిస్టరు ప్రశ్నలు అడిగింది. పేరేంటి తాతా, ఇది ఏ ఊరు, ఇవాళ ఏ వారం. నాయన ఆమె నోటి వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆమె ముఖానికి మాస్కు. ఇక చూడ్డానికి పెదాలు కూడా లేవు. "ఏం తెలీట్లేదండీ ఈయనకి" అంది. "చెవుడు, దానికితోడు మతి కూడా పోయింది" అన్నాను నేను, ఆయన ఎదురుగానే, ఆయనకు వినపడదు కదా అని. ఆమె ఏదో రాసుకుంది. మర్నాడు వచ్చిన డాక్టరు ఆ రాసింది చదివాడు గానీ ఆయన్ని ఏమీ అడగలేదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉంది, అందుకే ఇలా మాట్లాడుతున్నాడు, తగ్గుతుంది అన్నాడు. మూత్రానికి పైపు పెట్టారు. ఎడమ చేతికి సెలైన్ సూది గుచ్చి, కదలకుండా అట్టముక్క కట్టారు.

ఆ మధ్యాహ్నం నుంచి నాయన నెమ్మదిగా లేడు. మంచం పట్టీ మీద కొట్టడం, దుప్పటి లాగెయ్యడం. నన్ను చూసి ఏదో అరిచాడు, నేను అంతకంటే గట్టిగా అరిచాను. వార్డంతా మావైపు చూసింది. సిస్టరు సెలైన్ మార్చడానికి వచ్చినప్పుడు ఆమె చెయ్యి గబుక్కున పట్టుకుని, అరచెయ్యి విప్పి, అందులో తన పిడికిలి పెట్టి అదిమాడు.

"అమ్మో, కొడుతున్నాడు!" అని ఆమె చెయ్యి విదిలించుకుంది.

నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. కళ్ళారా చూశాను. తన ఎడమ చేతికి అట్టముక్క ఉంది, అరచెయ్యి విప్పలేడు, అందుకని ఆమె అరచెయ్యి తీసుకున్నాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చూసిన సైగ అది. కానీ సిస్టరు కొడుతున్నాడంది కాబట్టి నాకు కొట్టడమే కనపడింది. ఇంత చదువూ చదివి, ఇంతమందికి పాఠాలు చెప్పి, నా బతుక్కి అదీ నా చూపు.

"కడదామమ్మా, లేకపోతే పైపు పీక్కుంటాడు. మీరు సంతకం పెట్టాలి" అన్నారు. పెట్టాను. ఆయా గాజుగుడ్డతో చేతులు మంచానికి కట్టింది. నాయన పావుగంటలో కుడిచెయ్యి విడిపించుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. "నువ్వు తప్పుకో" అని ఆయాని పక్కకి జరిపి నేనే కట్టాను. బళ్ళో స్కౌట్స్, గైడ్స్ పిల్లలకి ముళ్ళు వెయ్యడం నేర్పేది నేనే. లాగినకొద్దీ బిగుసుకునే ముడి ఒకటుంది, అది వేశాను. నాయన నా ముఖంలోకి చూడకుండా నా వేళ్ళవైపే చూస్తూ ఉన్నాడు. తర్వాత ఏదో ఇంజెక్షను ఇచ్చారు, కళ్ళు మూతలు పడ్డాయి. హమ్మయ్య అనుకున్నాను. ఆ హమ్మయ్యని నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

మర్నాడు పదకొండింటికి అమ్మ వచ్చేసింది. ఎవరూ రమ్మనలేదు. మాచర్ల బస్సు దిగి, మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లెక్కి, వార్డు గుమ్మంలో నిలబడి ఆయన్ని చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"మిషనేదే?"

"బ్యాగులో ఉందమ్మా. ఇక్కడ పోతదని..."

"నోరు మూసుకుని ఇటియ్యి."

మూట విప్పి ఇచ్చాను. చేతికి నేను వేసిన ముడి విప్పడం ఆమెకి రాలేదు. పళ్ళతో లాగినా రాలేదు. కత్తెర అడిగి కత్తిరించింది. మిషను స్విచ్చు వేసి చెవిలో పెడితే కీచుమంది. వాచిపోయిన చెయ్యి మెల్లగా లేచింది. చూపుడువేలితో లోపలికి ఒత్తుకున్నాడు. కీచు ఆగింది.

"ఏందయ్యా? ఏమయింది? నాకు చెప్పు" అంది అమ్మ.

ఆమె అరచెయ్యి తీసుకుని పిడికిలి పెట్టి తిప్పాడు. ఆ చేత్తోనే కింద, పొత్తికడుపు వైపు చూపించాడు.

"ఇరుక్కుందంటన్నాడుగదే! నీకు కళ్ళు లేవా?" అని అమ్మ దుప్పటి తీసేసింది. పొట్ట కింది భాగం బిగదీసిన డప్పులాగా ఉంది. మంచం పక్క మూత్రం సంచిలో కాసిన్ని చుక్కలు ఉన్నాయి, నిన్నటి నుంచీ అవే. పైపు మూసుకుపోయింది. సిస్టరు పరిగెత్తింది, డాక్టరు వచ్చాడు, పైపు మార్చారు. నెత్తురు కలిసిన మూత్రం సంచి నిండి ఇంకో సంచి తేవాల్సి వచ్చింది. నాయన కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. ఒక రోజంతా ఆ నొప్పితో, కట్టేసిన చేతులతో, చెప్పడానికి వేరే దారి లేక పడి ఉన్నాడాయన.

ఆ సాయంత్రం మనిషి తేటపడ్డాడు. ఊరి పేరు చెప్పాడు, వారం చెప్పాడు, నెల చెప్పాడు. సిస్టరుని చూసి "నీ చెయ్యి గట్టిగా పట్టుకున్నానా తల్లీ" అని అడిగాడు. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. ఆమె పల్స్ చూస్తుండగా నాయన మణికట్టు మీద ఎర్రగా పడిన గుర్తు చూసుకుని నా వైపు తిరిగాడు.

"నా చేతులు ఎవరు కట్టారమ్మాయ్?"

"ఆసుపత్రోళ్ళు, నాయనా" అన్నాను.

సిస్టరు తలెత్తి నన్ను చూసింది. అమ్మ కిటికీ వైపు తిరిగింది.

"పనిమంతులే. చానా గట్టి ముడి" అన్నాడు నాయన.

అప్పటికే విషం నెత్తురులో కలిసిందట. రెండు రోజుల తర్వాత, పొద్దున కాఫీల వేళ పోయాడు. పైపు ముందే చూసుకుని ఉంటే బతికేవాడా అని డాక్టర్ని అడిగాను. వయసు కదమ్మా అన్నాడు. ఆ జవాబు నాకు పనికిరాదు.

మాచర్లలో ఇంటి ముందు శవపెట్టెలో పడుకోబెట్టాం. మూత వేసే ముందు ఒంటిమీద ఉన్నవి తీసెయ్యడం మా వాళ్ళ పద్ధతి. ఉంగరం తీశాను. చెవి దగ్గరికి చెయ్యి పోనిచ్చాను.

"అది ముట్టుకోమాక" అంది అమ్మ. "ఒకసారి తీశావుగా. చాలు."

ఆమే వంగి స్విచ్చు వేసింది. ప్రార్థన వినాలి గదా ఆయన, అంది. పాస్టరుగారు బైబిలు తెరిచి రెండు మాటలు చదివారో లేదో, పెట్టెలోంచి సన్నగా కీచుమని మొదలైంది. ఆయన ఆగిపోయారు. జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒత్తుకోవడానికి నాయన చెయ్యి లేవదు కదా.

నేను వెళ్ళి వంగి చూపుడువేలితో ఒత్తాను. కీచు ఆగింది. నా నోటికీ ఆయన చెవికీ మధ్య జానెడు దూరం కూడా లేదు. మిషను పనిచేస్తోంది. ముడి వేసింది నేనే నాయనా అని అప్పుడైనా చెప్పాల్సింది.

వేలు తీసేశాను. ప్రార్థన అయింది, మూత వేశారు.