అమ్మ ముఖం చూసి చెప్పిన జవాబు

నా చిన్నప్పుడు, అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బడులు మూతపడిన రోజుల్లో, మేము పట్నంలో కొత్తపేటలో కిరాయికి ఉండేవాళ్ళం. నల్గొండ పల్లె నుంచి మా తమ్ముడి కాళ్ళ కోసమే వచ్చాం. ఆరేళ్ళకే వాడి మోకాళ్ళు వంగిపోయాయి. దవాఖానలో మందులిచ్చారు గానీ, ఎందుకలా అయిందో ఎవరూ తేల్చి చెప్పలేదు. మా నాయనమ్మ మాత్రం అది మా అమ్మ చేసుకున్న పాపమనేది.

పక్కింట్లో కోస్తా నుంచి వచ్చిన మాస్టారు ఒకాయన ఉండేవారు. కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పేవారు. ఒకరోజు తమ్ముడి పళ్ళ మీది గోధుమరంగు చారలు చూసి, మా ఊరి బావి నీళ్ళు ఒక సీసాడు తెప్పించమన్నారు. నాయిన తెచ్చాడు.

ఆయన తన వరండాలో గాజు గొట్టాలు వరుసగా నిలబెట్టారు. ఒక్కోదాంట్లో ఒక్కో కొలతలో, ఎముకలను వంచే ఫ్లోరైడ్ కలిపిన నీళ్ళు, చివరిదాంట్లో మా బావి నీళ్ళు. అన్నిటిలోనూ ఒకే ఎర్రటి మందు సమానంగా పోశారు. ఫ్లోరైడ్ ఎంత ఎక్కువుంటే ఆ ఎరుపు అంతగా పసుపుకు తిరుగుతుందట. గంటసేపు కూర్చున్నాం.

"మీ నీళ్ళ రంగు దేనికి దగ్గరగా ఉందో నువ్వే చెప్పమ్మా" అన్నారు నాతో.

మా నీళ్ళు మంచివేనని చెప్పాలన్నట్టు అమ్మ నా ముఖంలోకే చూస్తోంది. నేను ఎర్రగా ఉన్న గొట్టం చూపించాను.

ఆయన కోప్పడలేదు. "మీ అమ్మకి నచ్చేది కాదు తల్లీ, నీ కంటికి కనబడేది చెప్పు. మీ ఊళ్ళో పిల్లలింకా ఆ నీళ్ళే తాగుతున్నారు."

అప్పుడు ఆయన కలిపినవాటిలో అన్నిటికన్నా పసుపుగా ఉన్నదాని మీద వేలు పెట్టాను. మా నీళ్ళు దానికన్నా పసుపుగా ఉన్నాయి.

"నా చేతులతోనే తాపిన గద సారూ" అంది అమ్మ. "కాళ్ళు సక్కగైతయా?"

"ఇక కావమ్మా. నీళ్ళు మారిస్తే ఇంకా వంగకుండా ఉండొచ్చు."

నాయిన ఊరికి పోయి చెప్పాడు. "ఆంధ్రోడు చెప్తే నమ్ముతవా?" అన్నారట. "నా బిడ్డ కండ్లార చూసింది" అన్నాడట నాయిన. రెండు మూడు ఇళ్ళవాళ్ళు వేరే బావికి పోయారు. మిగతావాళ్ళు అవే నీళ్ళు తాగారు.

ఆ నెలలోనే ఎవరో మాస్టారి కిటికీ అద్దాలు పగలగొట్టారు. ఆయన ట్రంకుపెట్టె రిక్షాలో వేసుకుని వెళ్ళిపోతుంటే మేము తలుపులు వేసుకుని కూర్చున్నాం. వాడకట్టులో ఎవరేమంటారోనని భయం. ఆయన మళ్ళీ రాలేదు.

తమ్ముడు బతికినన్నాళ్ళూ కర్రతోనే నడిచాడు. నేను పెద్దయ్యాక దవాఖానలో రక్తపరీక్షలు చేసే ఉద్యోగంలో చేరాను. కాగితం కోసం చెయ్యి చాచిన తల్లులు ముందు నా ముఖంలోకి చూసేవారు. వాళ్ళను చూసి మాట మార్చాలని ఎన్నోసార్లు అనిపించింది. ఒక్కసారీ మార్చలేదు.