మాత్రకు చలవ

2023 వేసవి. ప్రొద్దుటూరులో ఒక పిల్లల డాక్టరు గారి దగ్గర నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. పుట్టుకతో జీవక్రియ లోపాలున్న పిల్లల రక్త నమూనాలు తీయడం, ఇళ్లకు వెళ్లి పరీక్ష సక్రమంగా సాగుతోందో లేదో చూడడం నా పని.

ఆఫ్రీన్‌ది జమ్మలమడుగు. ఏడేళ్ల పాప. తండ్రి కువైట్‌లో డ్రైవరు. ఇంట్లో తల్లి షాహీన్, నానమ్మ మస్తాన్‌బీ. పాపకు పీకేయూ అనే జబ్బు. మాంసకృత్తుల్లో ఉండే ఫినైల్‌అలనిన్‌ను ఈ పిల్లల శరీరం విడగొట్టలేదు. అది రక్తంలో పేరుకుంటే మెదడు దెబ్బతింటుంది. అందుకే పాలు, పప్పు, గుడ్డు, మాంసం నిషిద్ధం. అన్నం కూడా తూకం వేసి పెట్టాలి. పండుగనాడు ఇల్లంతా బిర్యానీ తింటుంటే ఆ పిల్ల తన గిన్నె తీసుకుని మిద్దె మీదికి పోయేదట.

సాప్రోప్టెరిన్ అనే మాత్ర ఈ పిల్లల్లో కొందరికి పనిచేస్తుంది, కొందరికి చేయదు. వాడి చూడాల్సిందే. తిండి ఏమాత్రం మార్చకుండా కొన్ని వారాలు మాత్ర ఇస్తాం. మధ్యమధ్యలో వేలి నుంచి రక్తపు చుక్కలు తీసి, డీబీఎస్ కార్డు అనే మందపాటి కాగితం మీద ఆరబెట్టి పెద్ద ల్యాబ్‌కు పంపుతాం. ఫినైల్‌అలనిన్ దాదాపు మూడో వంతు తగ్గితే మందు పట్టినట్టు. అలాంటి పిల్లలకే మాత్రలు ఉచితంగా వస్తాయి. మిగతావాళ్లకు ఆపేస్తాం.

ఆఫ్రీన్‌తో పాటే మాత్ర మొదలుపెట్టిన పులివెందుల పిల్లవాడికి తగ్గింది. ఆఫ్రీన్‌కు తగ్గకపోగా కాస్త పెరిగింది. రెండో కార్డూ అంతే. ఇక ఆపేద్దామన్నారు డాక్టరు గారు. కానీ పాప జన్యు పరీక్ష చూస్తే మందు పట్టే అవకాశం బాగా ఉన్న రకం. ఒక్కసారి ఇంటికెళ్లి చూసొస్తానని అడిగాను.

వెళ్లగానే మస్తాన్‌బీ నా చేతిలో గ్లాసుడు మజ్జిగ పెట్టింది. తాగుతూనే ఒక్కొక్కటీ సరిచూశాను. త్రాసు సరే. కార్డు ఆరబెట్టే చోటు సరే. పాప ఏం తిన్నదో షాహీన్ అక్క గడగడా చెప్పింది, తేడా ఏమీ లేదు. చివరికి మాత్ర నా ముందే వేయమన్నాను. ఆమె నీళ్లలో కరిగించి తాగించింది. ఆ వెంటనే మస్తాన్‌బీ ఇంకో గ్లాసు తెచ్చి పాప నోటికి అందించింది.

"అదేందవ్వా?"

"మజ్జిగప్పా. మాత్ర శానా వేడి. సలవ చెయ్యకుంటే బిడ్డకు నోరు పూస్తాది. మాత్ర మొదులుపెట్టినకాణ్ణించి మూడు పూటలా ఇస్తాండా."

"తిండి మార్చొద్దంటిమి గదవ్వా."

"తిండి యాడ మార్చినాం? మజ్జిగ తిండేందప్పా? నువ్వు గూడా తాగితివి. ఇంటికి పోయి అన్నం మానేస్తావా ఏంది?"

నేను యాంటీబయాటిక్ వేసుకున్నప్పుడల్లా మా అమ్మ ఇచ్చేదీ మజ్జిగే. మజ్జిగలో ఉండేదీ పాల మాంసకృత్తులేనని, మాత్ర దించినదాన్ని అది తిరిగి నింపుతోందని షాహీన్ అక్కకు వివరించాను. ఆమె తల పట్టుకుని కూర్చుంది. అవ్వతో మాత్రం నేను వాదించలేదు. వేడి తగ్గడమే కావాలంటే మజ్జిగకు బదులు సుగంధి వేళ్లతో చేసే నన్నారి షర్బత్ ఇయ్యమన్నాను. అందులో మాంసకృత్తులుండవు. అవ్వ నన్నారీ సలవేలే అని ఒప్పుకుంది.

డాక్టరు గారు మరో అవకాశం ఇచ్చారు. ఈసారి వచ్చిన ఫలితం చూసి, నేను పొరపాటుగా చదివానేమోనని ఆయన చేతికిచ్చాను. ఫినైల్‌అలనిన్ సగానికి పైగా పడిపోయింది. ఆయన లేచి నా వీపు తట్టారు. ఫోన్ చేసి మందు పట్టిందని చెబితే షాహీన్ అక్క ఏడ్చేసింది. అవ్వ ఫోన్ లాక్కుంది.

"నేను ముందే చెప్తిని గదప్పా, సలవ చేస్తేనే మాత్ర పట్టేదని."

అప్పటి నుంచి ఏ ఇంటికి వెళ్లినా ఏం తిన్నారన్న దగ్గర ఆగను. మాత్ర వెనకాల ఏమిస్తున్నారని అడుగుతాను. జనం తిండిగా లెక్కపెట్టనిది రక్తం లెక్కపెడుతుందని నాకు నేర్పింది ఈ కేసే.

ఇప్పుడు ఆఫ్రీన్ పథ్యం చాలావరకు సడలింది. పోయిన పండుగకు నన్నూ పిలిచారు. పాప గిన్నెలో కొలిచి పెట్టిన బిర్యానీ, పక్కన అవ్వ అదే లెక్కలో పోసిన చిన్న గ్లాసు మజ్జిగ. మిద్దె మీదికి పోలేదు. అందరి మధ్యా కూర్చుని, నాకంటే ముందే తినేసింది.