సముద్రం ఒడ్డున పిలుపు లేని భోజనం

డ్రిప్పు గొట్టాల కంపెనీవాళ్ళు 2005లో మా వైపు రైతులను గోవాకు తీసుకుపోయినప్పుడు నన్ను వదిలేశారు. నా రెండెకరాల గులాబీ తోటలో పరిచిన ప్రతి గొట్టమూ వాళ్ళదే. అయినా ఆ బస్సు సూళగిరిలో నా కళ్ళ ముందే టీ కోసం ఆగి, నన్ను ఎక్కించుకోకుండానే పోయింది. నేను ఊరుకోలేదు. హోసూరు ఆఫీసుకు ఉత్తరం మీద ఉత్తరం రాశాను. జవాబు రాకపోతే నేనే పోయి మేనేజరు గది ముందు బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చున్నాను. 2006 వేసవిలో మళ్ళీ యాత్ర పెట్టినప్పుడు వాళ్ళు మొదట ఫోను చేసింది నాకే. మద్రాసుకు దక్షిణంగా సముద్రం ఒడ్డున ఒక రిసార్టు, రెండు రాత్రులు, భార్యాభర్తలకు, తిండి అంతా అందులోనే అన్నారు.

మా అన్న కృష్ణప్ప కూడా వస్తున్నాడని మాత్రం చెప్పలేదు. ఆ సంగతి బస్సెక్కాకే తెలిసింది.

అన్నతో నాకు ఏడేళ్ళుగా మాటల్లేవు. అతని పెద్దకొడుకు పెండ్లి కృష్ణగిరిలో ఒక కల్యాణ మండపంలో జరిగింది. మా వైపు పెండ్లికి పత్రిక ఇస్తే సరిపోదు. ఆకులు వేసిన తరువాత ఇంటివాడు ఒక్కొక్కరి దగ్గరికి వచ్చి, పేరు పెట్టి పిలిచి, భోజనానికి లేపాలి. నేను ముందు వరుస కుర్చీలో కూర్చుని ఉన్నాను. పంక్తి తరువాత పంక్తి లేచింది. అన్న నా ముందు నుంచే అటూ ఇటూ తిరిగాడు. నన్ను పిలవలేదు. చివరికి ఆకులు ఎత్తుతుంటే లేచి, బస్సెక్కి, ఇంటికి వచ్చి సంగటి తిన్నాను. అప్పటినుంచి ఆ ఇంటి గడప తొక్కలేదు. ఈసారి శ్రావణంలో రెండో కొడుకు పెండ్లి పెట్టుకున్నారు. పత్రిక మా వదిన తెచ్చి ఇచ్చింది. నేను రానని చెప్పాను. "నేను పోతాను. నువ్వు ఇంట్లో సంగటి కెలుక్కో" అని మా ఇంటావిడ పార్వతి అదే రోజు తేల్చేసింది.

బస్సు హోసూరులో తెల్లవారి ఐదుకు బయలుదేరి, ఆరు లోపలే సూళగిరికి వచ్చింది. కంపెనీ తరఫున వచ్చిన శేఖర్ అనే కుర్ర ఉద్యోగి మెట్టు మీద నిలబడి నా సంచి అందుకున్నాడు.

"ముందు సీటు మీకే పెట్టినానప్పా. ఇంక లెటర్ రాయద్దండి."

ఆ సీటు పక్కనే, దారికి అవతల, అన్న, వదిన రత్నమ్మ కూర్చుని ఉన్నారు. దిగిపోదామనుకున్నాను. అంతలోనే వదిన మా ఇంటావిడను పిలిచింది. "రా పార్వతీ, ఈడ నా పక్కన కూర్చో. వీళ్ళు ముడుచుకోని కూర్చుంటే కూర్చోనీ. మనమేమన్నా మూటలమా?" ఆడవాళ్ళు ఈ ఏడేళ్ళలో ఒక్కరోజు కూడా మాటలు మానలేదు. అన్న లేచి వెనక సీటుకు పోయాడు.

కృష్ణగిరి, వాణియంబాడి, ఆంబూరు దాటి వేలూరులో టిఫిను చేశాము. ఇడ్లీ మెత్తగానే ఉంది, సాంబారు నీళ్ళు. ఆ మాట హోటలువాడితో చెప్పే వచ్చాను. కాంచీపురం, చెంగల్పట్టు దాటాక ఎర్రనేల పోయి ఇసుక నేల వచ్చింది. సరుగుడు తోపుల మధ్య నుంచి వచ్చే గాలి పెదవులకు ఉప్పగా తగిలింది. సొంతంగా పోదలచినవారు కృష్ణగిరి నుంచి కాంచీపురం బస్సు పట్టుకుని, అక్కడ చెంగల్పట్టుకు, మళ్ళీ మహాబలిపురానికి మారాలి. అక్కడినుంచి ఆటోలు ఉన్నాయి. ఆ వేసవిలో ఇద్దరికి రోజుకు, మూడు పూటల తిండితో కలిపి, మూడు వేలు చెప్పారు. ఆ రిసార్టు పెద్ద స్టారు హోటలేమీ కాదు. పెంకుల కప్పుతో రెండు వరుసల గదులు, మధ్యలో ఈతకొలను, చుట్టూ కొబ్బరిచెట్లు. అయినా నేను అంతకు ముందు అటువంటి చోట కాలు పెట్టలేదు.

మేము చేరేసరికి ఒంటిగంట కావస్తున్నది. ముందు హాల్లో గాజు కూజా నిండా ఎర్ర గులాబీలు. చూడగానే మా వైపువే అని గుర్తు పట్టాను. మాకంటే ముందు అదే రోడ్డున లారీలో వచ్చి ఉంటాయి. కౌంటరు దగ్గరి అమ్మాయి అందరి చేతులకూ పసుపుపచ్చ కాగితపు పట్టీలు చుట్టి అతికించింది. ఈ పట్టీ ఉంటే చాలట, ఎప్పుడైనా తినవచ్చు, ఏమైనా తాగవచ్చు, ఎవరినీ అడగనక్కరలేదు.

"మళ్ళా కంకణం కట్టినారే!" అంది వదిన. "పెండ్లికొడుకును మార్చుకునే వీలుందేమో అడుగు పార్వతీ."

అందరూ నవ్వారు. అన్న కూడా నవ్వాడు. నేను గులాబీల వైపు చూస్తూ నిలబడ్డాను.

గదులు చూస్తే మాదీ అన్నదీ పక్కపక్కనే. రెండింటికీ ఒకటే వరండా. శేఖర్‌ను నిలదీశాను.

"ఎవురు చెప్పినారు నీకు ఈ పక్కన వెయ్యమని?"

"ఇనిషియల్ ఒకటే ఉంటే అన్నదమ్ములని వేసినానప్పా. తప్పా?"

తప్పే. కానీ గది తలుపు తీశాక ఆ గొడవ నోటికి రాలేదు. తెల్లటి పరుపు మీద తువ్వాలును హంసలాగా మడిచి పెట్టారు. పార్వతి దాన్ని విప్పనివ్వలేదు. ఉన్న రెండు రోజులూ తన పాత తువ్వాలుతోనే తుడుచుకుంది. గోడకున్న పిడి తిప్పితే వేడినీళ్ళు. వెనక తలుపు తీస్తే కొబ్బరిచెట్ల మధ్య ఇసుక దారి, ఆ దారి చివర సముద్రం.

కృష్ణగిరి డ్యాం నిండినప్పుడు గట్టు మీద నిలబడి, సముద్రమంటే ఇంతకు రెండింతలు ఉంటుందేమో అనుకున్నవాణ్ణి. ఇక్కడ అవతలి గట్టు లేదు. నీళ్ళు పోయి పోయి ఆకాశం కిందికి దూరిపోయాయి. దగ్గర ఆకుపచ్చగా, దూరాన సిరా రంగులో ఉన్నాయి. అల లేచి, వంగి, విరిగి, పాలపొంగులాగా కాళ్ళ దాకా వచ్చింది. వెనక్కి పోతూ కాళ్ళ కింది ఇసుకను లాక్కుపోయింది. నేలే జారిపోతున్నట్టయి పార్వతి నా చెయ్యి పట్టుకుంది. పెండ్లయిన ఇన్నేళ్ళలో పదిమంది ముందు ఆమె నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. ఇద్దరం ఎంతసేపు నిలబడ్డామో తెలియదు.

భోజనాల హాల్లో పెద్ద పెద్ద స్టీలు పాత్రలు, వాటి కింద సన్నటి నీలిమంటలు. చేపలు, రొయ్యలు, కోడి, నాలుగు రకాల అన్నాలు, కోసిన పండ్లు, మిఠాయిలు. మా ఊళ్ళో పెద్ద పెండ్లికి కూడా అన్ని రకాలు చూడలేదు. తలుపు దగ్గరి కుర్చీలో కూర్చుని, ఎవరైనా వచ్చి పిలుస్తారని చూశాను. తెల్ల చొక్కాల పనివాళ్ళు ఖాళీ ప్లేట్లు ఎత్తుకుంటూ నా పక్కనుంచే పోయారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. మావాళ్ళు ప్లేట్లు పట్టుకుని వరుసలో నిలబడ్డారు.

పార్వతి వచ్చింది. "ఈడ ఎవురూ పిలవరంట. మనమే పోయి పెట్టుకోవాలంట."

"పిలవని తిండి నాకొద్దు."

"చేతికి పట్టీ కట్టినారు గదా."

"పశువుకు కూడా కడతారు పలుపు."

అన్న ప్లేటు పట్టుకుని హాలు మధ్యలో ఆగి నా వైపు చూశాడు. నేను తల తిప్పుకున్నాను. మూడింటికి మంటలు ఆర్పేశారు. ఆ పూట నేను గదిలో కూర్చుని పార్వతి తెచ్చిన మురుకులు తిన్నాను. సాయంత్రం శేఖర్‌కు ఎవరు చెప్పారో, గది దాకా వచ్చి, "రండప్పా, తిందాం" అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. వేయించిన చేప ముక్క నోట్లో పెట్టుకోగానే కరిగిపోయింది. కంపెనీవాడి మీద నాకున్న కోపంలో సగం ఆ చేపతోనే పోయింది.

మరునాడు చీకటి ఉండగానే ఇసుకలోకి పోయి కూర్చున్నాను. ముందు నీళ్ళ అంచున బూడిద రంగు గీత కనిపించింది. అది ఎర్రబడింది. తరువాత సూర్యుడు నీళ్ళను చీల్చుకుని ముక్క ముక్కగా పైకి వచ్చాడు. మా కొండల వెనక సూర్యుడు అప్పటికే తెల్లబడి వస్తాడు. ఇక్కడ అప్పుడే కొలిమిలోంచి తీసినట్టున్నాడు. అక్కడి నుంచి నా కాళ్ళ దాకా నీళ్ళ మీద వెలుగు దారి పడింది. నాకు తెలియకుండానే చేతులు జోడించాను. పక్కకు చూస్తే అన్న. అతనూ చేతులు జోడించే ఉన్నాడు.

"ఏందిరా ఇది, ఇంతుండాది!" అన్నాడు.

నాతో అన్నాడో, తనలో తను అనుకున్నాడో. నోరు దానంతటదే తెరుచుకుంది. "మన డ్యాములు ఎన్ని పడతాయో దీంట్లో."

"నాయన చూసుంటే ఏమనేవాడంటావు?"

"ఇన్ని నీళ్ళు పెట్టుకోని ఒక్క మడి తడపలేదే, వీడేం మగోడు, అనేవాడు."

అన్న ఫక్కుమన్నాడు. నాకూ నవ్వాగలేదు. మా నాయన బతికున్నన్నాళ్ళూ బావి నీళ్ళ కోసమే అందరితో పోట్లాడాడు. ఇద్దరం అలలు చూస్తూ కూర్చున్నాము. ఎండ చురుక్కుమనేసరికి అన్న ఇసుక దులుపుకుని లేచాడు.

"లెయ్యి. తిందాం పా."

ఏడేళ్ళ నాటి కుర్చీ గుర్తొచ్చింది. "ఇప్పుడు పిలుస్తావా? ఆ పొద్దు నోరు యాడ పోయింది?"

అన్న ముఖం ఎర్రబడింది. "ఈడ నేనూ చుట్టమే, నువ్వూ చుట్టమే. పిలిస్తే తప్పులేదు. ఆ పొద్దు నువ్వు చుట్టమారా? పందిట్లో నిలబడి ఊరందర్నీ లేపి కూర్చోబెట్టాల్సినోడివి. కొత్త పంచ కట్టుకోని పరాయోడి మాదిరి ముందు కుర్చీలో కూర్చుంటివి. నేనొచ్చి నిన్ను పిలిస్తే తమ్ముణ్ణి చుట్టాన్ని చేసినట్టు కాదా? ఇప్పుడు లేస్తాడు, ఇప్పుడు లేస్తాడు అని చూస్తా తిరిగినాను. నువ్వెళ్ళిపోతివి. ఆ పూట నేనూ తినలేదు."

"ఆ మాట నాకు చెప్పాల గదా."

"నువ్వు అడగాల గదా."

ఇందులో ఎవరిది న్యాయమో పెద్దలను అడిగితే తలా ఒకటి చెబుతారు. తమ్ముడైనా వేరు పడిన తరువాత వేరే ఇల్లే, వేరే ఇంటివాణ్ణి పిలవాల్సిందే అన్నది నా మాట. ఈరోజుకూ అదే అంటాను. కానీ ఆ పూట అతనూ తినలేదన్న సంగతి నాకు తెలియదు.

మా వైపు ఒక్క పిలుపుకే లేచేవాణ్ణి తిండికి మొహం వాచినవాడంటారు. మూడుసార్లు పిలిపించుకోవాలి. అందుకే, "ఆకలి లేదు పో" అన్నాను. అన్న నడిచాడు. కొబ్బరిచెట్ల దాకా పోయి వెనక్కి తిరిగాడు.

"ఒరే చిన్నోడా! ఇడ్లీలు అయిపోతాయి, లెయ్యరా!"

నాయన పోయాక నన్ను చిన్నోడా అన్నవాళ్ళు లేరు. మూడో పిలుపు కోసం చూశాను. రాలేదు. పిలిచి ఉంటాడు, అలల హోరులో వినబడి ఉండదు అని సర్దుకుని లేచాను.

హాల్లో ఇద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చున్నాము. అవతలి బల్ల నుంచి వదిన గొంతు వినిపిస్తూనే ఉంది. "చూడద్దు పార్వతీ. చూస్తే మళ్ళా ముడుచుకుంటారు."

ఆ రోజంతా సముద్రమే. పొద్దునొక రంగు, మధ్యాహ్నమొక రంగు. సాయంత్రం పంచ ఎగగట్టుకుని అన్న నడుము లోతు దాకా దిగాడు. పెద్ద అల వచ్చి అతన్ని బోర్లా తోసింది. లేచి, ఉప్పునీళ్ళు ఉమ్ముతూ, చిన్నపిల్లవాడిలాగా మళ్ళీ ఎదురు పోయాడు. తన గులాబీ తోటలో రోజంతా మాట పెగలని మనిషిని అలా ఎప్పుడూ చూడలేదు.

మూడో రోజు మధ్యాహ్నం భోజనం చేసి బయలుదేరాము. కౌంటరు అమ్మాయి కత్తెర తీసుకుని పట్టీలు కత్తిరించబోతే ఆడవాళ్ళిద్దరూ చేతులు వెనక్కి తీసుకున్నారు. "కంకణం ఇంటికి పోయి ఇప్పాలమ్మా, దారిలో ఇప్పకూడదు" అంది వదిన. నేను నాది కత్తిరించనిచ్చి, గులాబీలకు నీళ్ళు మార్చలేదని, కాడలు కుళ్ళుతున్నాయని మేనేజరుతో చెప్పి బస్సెక్కాను.

ఈసారి అన్న నా పక్కనే కూర్చున్నాడు. చెంగల్పట్టు దాటాక, కిటికీలోంచి చూస్తూనే అడిగాడు. "శ్రావణంలో పందిట్లో నిలబడతావా, కుర్చీలో కూర్చుంటావా?"

"నిలబడితే నన్నెవురు పిలుస్తారు?"

"ఎవురూ పిలవరు. నువ్వే అందర్నీ పిలవాల."

నేను కళ్ళు మూసుకుంటే అలలు ఇంకా వస్తున్నాయి, పోతున్నాయి. పోయిరాదలచినవారికి ఒకటే చెబుతాను. గది, చేపలు, ఈతకొలను అన్నీ బాగున్నాయి. కానీ అక్కడికి పోవాల్సింది పొద్దున లేచి ఆ నీళ్ళ ముందు నిలబడడానికి. అంత పెద్దదాని ముందు నిలబడ్డాక మనిషికి తన కోపం ఎక్కడ పెట్టుకున్నాడో కాసేపు గుర్తు రాదు.

రాత్రి భోజనానికి వాణియంబాడిలో ఆకు భోజనం హోటలు దగ్గర ఆపారు. అందరూ కునుకుపాట్లలో ఉన్నారు. నేను ముందు దిగి లోపలికి తొంగి చూశాను. ఆకులు వేసి నీళ్ళు చల్లారు. శేఖర్ బయట డ్రైవరుతో ఏదో మాట్లాడుతున్నాడు. మళ్ళీ బస్సెక్కి ముందు సీటు నుంచి మొదలుపెట్టాను.

"రత్నమ్మొదినా, లెయ్యి, ఆకులేసినారు. పార్వతీ, లెయ్యి. మునిరెడ్డప్పా, అన్నానికి లెయ్యండి. నాగమ్మా, నువ్వూ లెయ్యమ్మా."

ఒక్కొక్కరే లేచి దిగారు. చివరికి అన్న మిగిలాడు. కళ్ళు మూసుకున్నాడు కానీ నిద్రపోలేదు. మీసం కింద పెదవి కదులుతున్నది.

"అన్నా, అన్నానికి లెయ్యి."

"ఆకలి లేదు పో."

మళ్ళీ పిలిచాను. కదల్లేదు. కింద వడ్డించేవాడు అన్నం గంప పట్టుకుని మా కోసం చూస్తున్నాడు.

అన్న నన్ను రెండుసార్లే పిలిచాడు. నేను మాత్రం మూడుసార్లూ పిలిచాను.