వెల్లకిల పురుగు

తిరుమణిలో సోలార్ ప్యానెళ్ళ వరుసలు లేచిన తర్వాత రెండో వానాకాలంలో, మా సముద్ర జీవ పరిశోధన సంస్థ నన్ను నెల రోజుల డెప్యుటేషన్ మీద అక్కడికి, కర్ణాటకలోని పావగడ తాలూకాకు పంపింది. ప్యానెళ్ళ మధ్య వాన గుంటల్లో పుట్టే చిన్న జీవులను నీటి లోపలి నుంచే ఫోటో తీయాలి. అప్పటికి నేను సీనియర్ ఫోటోగ్రాఫర్‌ని, రిటైర్మెంటుకు ఏడాది ఉంది. తోడుగా జూనియర్ ఫోటోగ్రాఫర్ వనజను వేశారు.

ఆర్డరులో ఆ పేరు చూడగానే నాకు ఒళ్ళు మండింది. వనజ భీమిలి మనిషి, నాకంటే పన్నెండేళ్ళు వెనక చేరింది. సంస్థ నివేదికల ముఖచిత్రాలు వరసగా మూడుసార్లు ఆమెవే. నాది ఒక్కటీ లేదు. సముద్రం ఆమె పుట్టిల్లు, పోనీలే అనుకున్నాను. పావగడ మాత్రం నాది. ఆ తాలూకాలోనే అరసికెరె వేరుశనగ చేలల్లో పెరిగినవాణ్ణి. ఈ చివరి ముఖచిత్రమైనా నాదే కావాలని పంతం పట్టాను.

బియ్యపు గింజంత జీవిని ఫ్రేము నిండా తీయాలంటే కెమెరాను నీళ్ళు చొరని పెట్టెలో బిగించి, ముందు అదనంగా క్లోజప్ లెన్సు పెడతాం. అప్పుడు ఫోకస్ ఉల్లిపొరంత మందంలోనే నిలుస్తుంది. ఊపిరి బిగబట్టి కెమెరానే వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ జరపాలి. ఫ్లాష్ పక్కల నుంచి వేయాలి. ఎదురుగా వేస్తే నీళ్ళలోని మట్టి రేణువులన్నీ తెల్లచుక్కలై పడతాయి.

గుంటలు చూపించడానికి గంగమ్మ అనే ఆమె వచ్చేది. ప్యానెళ్ళు కడిగే పని ఆమెది. వనజ గట్టున కూర్చుని గంటల తరబడి ఆమెతో మాట్లాడేది. పని ఎగ్గొట్టి కబుర్లేమిటని విసుక్కునేవాణ్ణి. నా సొంత నేల గురించి నేనొకరిని అడగాలా?

మూడో వారం నాకు మంచి ఫోటో పడింది. గాజులాంటి రొయ్యజాతి జీవి, ఒక్కో కాలూ దువ్వెన పళ్ళలా విడివిడిగా. కానీ వెల్లకిలా ఉంది. ఫ్లాష్‌కు బెదిరి దొర్లిందనుకున్నాను. సముద్రంలో వెల్లకిలా తేలిన రొయ్యంటే చచ్చిన రొయ్యే. చూసేవాళ్ళూ అలాగే అనుకుంటారని కంప్యూటర్లో ఫోటోను తిప్పేసి, నీటి పైమట్టం మెరుపు కనిపించే అంచును కోసేశాను. ఏ మార్పు చేసినా రిజిస్టరులో రాయాలి. రాయలేదు.

నెలాఖరున సైటు షెడ్డులో ప్రాజెక్టు అధికారి మా ఇద్దరి ఫోటోలూ పక్కపక్కన పెట్టారు. వనజదీ అదే జీవి, వెల్లకిలానే ఉంది. ఇదే అదను అనుకున్నాను. ఆ ఫోటో తలకిందులుగా ఉందనీ, ఇంత ప్రాథమికమైన తప్పుతో ముఖచిత్రానికి పంపకూడదనీ అన్నాను. వనజ గుమ్మంలో నిలబడిన గంగమ్మ వైపు చూసింది.

“తలకిందులు ఏం లేదప్పా,” అంది గంగమ్మ. “అది ఈదేదే అట్ల. ఈడ అందరం ఎల్లకిల పురుగనే అంటాము. నీది అరసికెరె అంటివే, నీకు తెల్దా?”

తెలుసు. ఆ మాట చెవిన పడ్డాక గుర్తొచ్చింది. చిన్నప్పుడు దోసిలితో ఆ పురుగులను ఎత్తి ఆడుకున్నవాణ్ణే. ముప్పై ఏళ్ళ సముద్రంలో ఆ పేరు మరిచిపోయాను.

మరి నా ఫోటోలో బోర్లా ఎందుకుందని అధికారి నా అసలు ఫైలు అడిగారు. తెరవక తప్పలేదు. పైన నీటి మెరుపు, దాని కింద వెల్లకిలా ఈదుతున్న పురుగు. స్పష్టతలో నాదే మేలనీ, ముట్టుకోకుండా ఉంటే దాన్నే పంపేవాడిననీ, చెప్పకుండా మార్చిన ఫోటోను రికార్డులోకి తీసుకోలేననీ ఆయన అన్నారు. ముఖచిత్రం వనజదే అయింది.

శాస్త్రానికి తీసే ఫోటోలో ఏది పైనో ఏది కిందో నిర్ణయించే అధికారం ఫోటోగ్రాఫర్‌కు లేదు. తెలియకపోతే అక్కడి మనుషులను అడగాలి, అది సొంత ఊరైనా సరే. ఈ పాఠం గంగమ్మ దగ్గర నేర్చుకున్నానని అందరికీ చెబుతుంటాను. నాకంటే ముందు వనజ అడిగి తెలుసుకుందని మాత్రం ఎవరికీ చెప్పలేదు.