లాట్ వేరే

దెయ్యాల మాటెత్తితే అశోక్ చౌక్‌లోని మా కార్ఖానాలో అందరికంటే ముందు నవ్వేది నేనే. పాతికేళ్లుగా పవర్‌లూమ్ నడుపుతున్నాను. పోగు ఎందుకు తెగిందో వెతికితే దొరుకుతుంది. కారణం లేకుండా ఏదీ జరగదనే ఇప్పటికీ నా నమ్మకం. ఈ ఒక్కటి మాత్రం నాకు అంతుచిక్కలేదు.

నా భార్య లక్ష్మికి గర్భసంచి ఆపరేషన్ అయిన మరునాడు రక్తం బాగా తగ్గిపోయింది. ఎక్కించకపోతే ప్రాణానికే ముప్పన్నారు. ఆమెది ఓ పాజిటివ్. ఓ గ్రూపు వాళ్లకు అదే గ్రూపు రక్తం తప్ప వేరేది పడదని డాక్టర్ ముందే చెప్పాడు.

మధ్యాహ్నం సిస్టర్ రక్తం సంచి తెచ్చి స్టాండుకు తగిలించింది. పేరు చదివింది, అవునన్నాను. మంచానికి అవతలి పక్క స్టూలు మీద మా అమ్మ కూర్చుని ఉంది. షుగర్ వల్ల ఆమెకు రెండు కళ్లూ పోయాయి.

గొట్టం బిగించేలోపల అమ్మ లేచి, కోడలి చేతికున్న సూదిని అరచేత్తో కప్పేసింది.

“థాంబా సిస్టర్, ఆగు. లాట్ వేరే ఉన్నది. ఇది మా కోడలికి ఎక్కియ్యొద్దు.”

లాట్ మా పనిలో మాట. ఒకసారి రంగు అద్దిన నూలంతా ఒక లాట్. రెండు లాట్లు కలిస్తే మేం నేసే టవల్ మీద చార పడుతుంది. అమ్మ భవాని పేట్‌లో నలభై ఏళ్లు నూలు కండెలు చుట్టింది. ఆ చాదస్తంతోనే అంటోందనుకుని నాకు తల కొట్టేసినట్టయింది.

“ఏందమ్మా, ఇదేమన్న నూలా? సప్పుడు జేయకుండ కూసో” అని ఇవతలి నుంచే కసిరాను.

ఆమె చేయి తీయలేదు. సిస్టర్ విసుక్కుంటూ చీటీ మళ్లీ చదివింది. ఈసారి వయసు, గ్రూపు కూడా చూసింది. ఆ సంచి బి పాజిటివ్. పక్క వార్డులో ఇంకో లక్ష్మి ఉంది, ఇంటిపేరు కూడా మాదే. మా నేతవాళ్లలో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉండటం మామూలే. కొంచెం ఎక్కినా కిడ్నీలు పోయేవని, మనిషి దక్కడం కష్టమయ్యేదని డాక్టర్ తర్వాత అన్నాడు.

సంచిని అమ్మ అసలు ముట్టుకోలేదు. అప్పటిదాకా గ్రూపు ఎవరూ పైకి చదవలేదు.

వారం తర్వాత లక్ష్మిని కుంభారిలోని మా ఇంటికి తెచ్చుకున్నాక, నీకెట్ల తెలిసిందని అమ్మను అడిగాను.

“నువ్వే గదరా, నా చెయ్యి పట్టుకోని సూది మీద వెట్టినవ్. లాట్ వేరే ఉన్నదని చెవుల చెప్పినవ్. మల్ల సిస్టర్‌కు భయపడి నన్నే కసిరినవ్.”

అప్పుడు అమ్మ పక్కన ఎవరూ లేరు. నేను మంచానికి ఇవతల ఉన్నాను. ఆ చేయి ఎవరిదో నాకు నేటికీ తెలియదు. తన కొడుకే పెళ్లాన్ని బతికించుకున్నాడని అమ్మ కాలనీ అంతా చెప్పుకుంటోంది. నేను కాదని ఆమెకు చెప్పలేకపోయాను.